ఓడ పేరు దొరికితే మనిషి దొరుకుతాడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

యుద్ధకాలంలో మన కోస్తా ఊళ్ల నుంచి ఓడలెక్కిన వాళ్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మునిగి చనిపోయాడని నాయనమ్మ చెబుతుండేది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఎవరూ రావడం లేదు. ఇంకెక్కడ వెతకాలి? (భీమునిపట్నం)

అదే వెబ్‌సైట్‌లో మళ్లీ వెతకండి. ఈసారి పేరును పక్కన పెట్టి ఓడతో మొదలుపెట్టండి. మన వాళ్ల పేర్లు ఆ రికార్డుల్లో చెవికి తోచినట్టు రాసినవి. ఓడల పేర్లు మాత్రం పొల్లుపోకుండా ఉంటాయి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆయన నౌకాదళంలో పనిచేశారా, సరుకు ఓడమీదా? ఇంట్లో పెద్దవాళ్లు రెంటినీ ‘నేవీ’ అనే అంటారు. నౌకాదళానికి 1934 అక్టోబరు 2 నుంచి రాయల్ ఇండియన్ నేవీ అని పేరు, అంతకుముందు రాయల్ ఇండియన్ మెరైన్. ఫొటోలో టోపీ పట్టీమీద హెచ్.ఎం.ఐ.ఎస్. (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) అని ఉంటే ఆయన నౌకాదళం మనిషి. లస్కరు, కళాసీ, సరంగు, టిండాల్, ఫైర్‌మన్, భండారీ లాంటి మాటలు ఇంట్లో వినబడుతుంటే అది సరుకు ఓడ. సరంగు కళాసీలకు పెద్ద, టిండాల్ ఆయన తర్వాతివాడు, భండారీ వంటమనిషి. రికార్డుల్లో ‘సీకన్నీ’ అని కనిపిస్తే కంగారు పడకండి. అది మన ‘చుక్కాని’కి చుట్టమైన మాటే, చుక్కాని పట్టే మనిషి అని అర్థం.

తర్వాత ఓడ పేరు. సరుకు ఓడ నావికుడి దగ్గర డిశ్చార్జి పుస్తకం ఉండేది. పాతవాళ్లు దాన్ని ‘నల్లీ’ అనేవారు. ఒక్కో ప్రయాణానికి ఒక్కో వరుస ఉంటుంది: ఓడ పేరు, దాని అధికారిక సంఖ్య, ఎక్కిన రేవు, తేదీ, దిగిన రేవు, తేదీ, హోదా, నడవడి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ప్రయాణంలో ఉన్నంతకాలం ఆ పుస్తకం కెప్టెన్ దగ్గరే ఉంటుంది. అంటే ఓడతోపాటు మునిగినవాడి పుస్తకం కూడా ఓడతోనే పోయి ఉండాలి. ఇంట్లో పుస్తకం భద్రంగా ఉందంటే అది పాతది, నిండిపోయి పక్కన పెట్టినది అయ్యుండవచ్చు. లేదా ఆయన మరణం ఓడ మునగడం వల్ల కాకపోవచ్చు. పుస్తకం లేనివాళ్లు కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరాలు, జీతంలో కొంత ఇంటికి కట్టించిన రసీదులు, పరిహారం కాగితాలు వెతకండి. వీటిలో ఏదో ఒకదానిమీద ఓడ పేరు ఉంటుంది.

ఇప్పుడు వెబ్‌సైట్‌కు రండి. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో పేరు గడి ఖాళీగా వదిలేయండి. రెండో ప్రపంచ యుద్ధం, మర్చంట్ నేవీ ఎంచుకుని ఓడ పేరు ఇవ్వండి. ఓడ పేరు కూడా లేకపోతే ‘అదనపు సమాచారం’ అన్న గడిలో ఊరి పేరు పెట్టండి, కానీ ఆనాటి ఇంగ్లిష్ పేరు పెట్టాలి. విశాఖకు వైజాగపటం, కాకినాడకు కొకనాడ, భీమిలికి బిమ్లిపటం, బందరుకు మసూలిపటం, కళింగపట్నానికి కలింగపటం అని రాసేవారు. శ్రీకాకుళం ప్రాంతం వాళ్లు ‘గంజాం’ అని కూడా చూడాలి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఆ ప్రాంతంలో చాలాభాగం గంజాం జిల్లాలోనే ఉండేది. శ్రీకాకుళం జిల్లా అనేది 1950లోగానీ రాలేదు, కాబట్టి ఆ పేరుతో యుద్ధకాలపు రికార్డుల్లో ఏమీ దొరకదు.

పేరుతో వెతకక తప్పకపోతే ఇంటిపేరును మరిచిపోండి. గుమాస్తా దాన్ని అడిగి ఉండడు, అడిగినా ఒక్క అక్షరంగా కుదించి ఉంటాడు. ఉన్న ఒక్క పేరే ‘సర్‌నేమ్’ గడిలో ఉంటుంది. చాలాసార్లు తండ్రి పేరు కొడుక్కి ఇంటిపేరైపోతుంది. అప్పలస్వామి ‘అపల్‌సామి’ కావచ్చు, ఎర్రయ్య ఒకచోట వై అక్షరంతో, మరోచోట ఈ అక్షరంతో మొదలవచ్చు. పేరు చివర ఉండే ‘య్య’, ‘డు’, ‘న్న’ పూర్తిగా రాలిపోవచ్చు. మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి, వచ్చిన పేర్లన్నీ పైకి చదవండి. కంటికి తగలని పేరు చెవికి తగులుతుంది.

ఫలితంలో ఓడ పేరు పక్కన బ్రాకెట్లో గ్లాస్గో అనో లండన్ అనో ఉంటుంది. అది ఓడ రిజిస్టరైన రేవు, మనిషి ఊరు కాదు. స్మారకం అన్నచోట ‘బొంబాయి 1939–1945 వార్ మెమోరియల్’ లేదా ‘చిట్టగాంగ్’ అని ఉంటుంది. సముద్రం తప్ప వేరే సమాధి లేని దాదాపు 6,000 మంది భారతీయ వాణిజ్య నావికుల పేర్లు, 400కు పైగా రాయల్ ఇండియన్ నేవీ వాళ్ల పేర్లు ఆ స్మారకంలో, అంటే పేర్లు రాసిన గ్రంథంలో ఉన్నాయి. ఒక ప్రతి ముంబయిలో, ఇంకొకటి చిట్టగాంగ్‌లో ఉన్నాయి. లండన్‌లో వాణిజ్య నావికులకు కట్టిన టవర్ హిల్ స్మారకంలో వెతికి నిరాశపడేవాళ్లు ఎక్కువ. భారతీయ ఒప్పందాల కింద చేరిన కళాసీల పేర్లు మామూలుగా అక్కడ ఉండవు.

ఓడ, తేదీ తేలాక తర్వాతి మెట్టు లండన్ దగ్గర క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్. యుద్ధకాలపు సిబ్బంది ఒప్పందాలు అక్కడ బీటీ 381 అనే వరుసలో, ఓడ అధికారిక సంఖ్య ప్రకారం అమర్చి ఉన్నాయి. ఓడ ఎప్పుడు ఏ రేవులో ఉందో తెలిపే కార్డులు బీటీ 389లో ఉన్నాయి. ఓడ పేరు ఒక్కటే ఇస్తే చాలదు. ఒకే పేరుతో రెండు మూడు ఓడలుండేవి, అందుకే ఆ సంఖ్య కావాలి. రాయల్ ఇండియన్ నేవీ వాళ్లకైతే ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంవారి ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో ఓడ పేరుతో ఫైళ్లు వెతకడం మంచి మొదలు.

మొదటి ప్రపంచ యుద్ధం నావికులైతే 1915 సిబ్బంది జాబితాలు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి, అందులో 7,50,000 పైచిలుకు నమోదులున్నాయి. పుట్టిన ఊరితో వెతకవచ్చు. ఆ ఏడాది మూడు ప్రయాణాలు చేసినవాడు మూడుసార్లు కనిపిస్తాడు, ముగ్గురు మనుషులనుకోవద్దు.

ప్రశ్న: మా ముత్తాత యుద్ధమంతా ఓడమీదే ఉండి, క్షేమంగా తిరిగొచ్చి 1958లో ఇంట్లోనే పోయారు. ఏ స్మారకంలోనూ ఆయన పేరు లేదెందుకు? (కాకినాడ)

ఆ జాబితాలన్నీ చనిపోయినవాళ్లవే కాబట్టి. కమిషన్ లెక్కకు రెండో యుద్ధకాలం 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఆ లోపల మరణిస్తేనే పేరుంటుంది. వాణిజ్య నావికులకు ఇంకో షరతు ఉంది, మరణానికి కారణం యుద్ధమై ఉండాలి. 1943లో ఓడమీద జ్వరంతో పోయిన కళాసీ పేరు సాధారణంగా ఎక్కదు. తిరిగొచ్చిన వాళ్ల సేవను నమోదు చేసే పని ఇంటివాళ్లు, ఊరివాళ్లు చేసుకోవలసిందే. ఊరి స్మారకంలో ‘పోయినవారు’ అని కాక ‘పనిచేసినవారు’ అని రాస్తే ఆయనకూ చోటు దొరుకుతుంది. మా ఉద్దేశంలో అదే న్యాయం.

ప్రశ్న: పెట్టెలో మూడు పతకాలు, కొన్ని కాగితాలు, ఒక గ్రూపు ఫొటో దొరికాయి. పతకాలు నల్లబడ్డాయి. చింతపండుతో తోమవచ్చా? ఇవి ఏవో ఎలా తెలుసుకోవాలి? (మచిలీపట్నం)

తోమవద్దు. చింతపండు పులుపు ఇత్తడి చెంబుకు మంచిదే, పతకానికి కాదు. పైనున్న నల్లటి పొర లోహాన్ని కాపాడుతోంది. పులుపు దాన్ని తినేస్తుంది, దాంతో అంచుమీది సన్నటి అక్షరాలు అరిగిపోతాయి. చింతపండుకు ఉప్పు కూడా కలిపి తోమేవాళ్లుంటారు, అది మరీ ప్రమాదం. ఉప్పులోని క్లోరైడు రాగి కలిసిన లోహంలోకి దిగి, గాలిలో తేమ తగిలినప్పుడల్లా లోపలి నుంచి తింటూనే ఉంటుంది. తుడిచినా నాలుగు రోజులకు మళ్లీ లేతాకుపచ్చ పొడి తేలుతుంటే జరుగుతున్నది అదే. ఆ పతకాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టి, మ్యూజియం పరిరక్షకుడికి చూపించండి. సముద్రగాలి తగిలే ఇళ్లలో ఇది మామూలే. మెరుగు పెట్టే క్రీములు కూడా వద్దు. అక్షరాల సందుల్లో తెల్లటి పొడి మిగిలిపోతుంది.

చేయదగినది కొంచెమే. అంచులు పట్టుకుని, మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. మరీ మురికిగా ఉంటే డిస్టిల్డ్ నీటిలో ముంచి పిండిన దూదితో అద్ది, వెంటనే ఆరబెట్టండి. రిబ్బన్ తడవకూడదు, రంగు దిగుతుంది. చిరిగినా సరే పాత రిబ్బన్ పారేయకండి, అది గుర్తింపుకు పనికొస్తుంది. ప్లాస్టిక్ ఆల్బమ్ జేబుల్లో పెట్టకండి. పీవీసీ కొన్నేళ్లకు జిగురై లోహానికి అంటుకుంటుంది.

గుర్తింపు విషయం. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం మూడూ సమాన వెడల్పులో ఉన్న రిబ్బన్‌తో ఆరు కోణాల నక్షత్రమైతే 1939–45 స్టార్. నీలం, తెలుపు, సముద్రపు ఆకుపచ్చ కలిసి నీటి అలలా మారుతుంటే అట్లాంటిక్ స్టార్. ముదురు నీలం మధ్య వెడల్పాటి ఎర్ర పట్టీ, రెండు పక్కలా నారింజ గీతలుంటే బర్మా స్టార్. గుండ్రటి పతకంమీద రెండు తలల డ్రాగన్‌ను తొక్కి నిలుచున్న సింహముంటే వార్ మెడల్ 1939–45. మొదటి యుద్ధంనాటి కంచు పతకం, వెనుక తుపాను సముద్రంలో సరుకు ఓడ, మునుగుతున్న జలాంతర్గామి ఉంటే అది మర్కంటైల్ మెరైన్ వార్ మెడల్. దాని రిబ్బన్‌లో ఆకుపచ్చ, ఎరుపు, మధ్యలో సన్నటి తెలుపు ఉంటాయి. ఓడ కుడి ఎడమల దీపాలు, ఓడ స్తంభం మీది దీపం ఆ రంగులు.

అట్లాంటిక్ స్టార్ ఉందంటే ఆయన ఆ సముద్రంలో తిరిగినట్టు, బర్మా స్టార్ ఉందంటే బంగాళాఖాతం వైపు. పేరు దొరకనప్పుడు వెతుకులాటను ఏ వైపు తిప్పాలో పతకాలే చెబుతాయి. పేరు చెక్కి ఉందేమో గుండ్రటి వాటికి అంచుమీద, నక్షత్రాలకు వెనుకవైపు భూతద్దంతో చూడండి. బ్రిటన్‌లో ఇచ్చిన రెండో యుద్ధపు పతకాలకు పేర్లుండవు. భారత ప్రభుత్వం పంచిన వాటిలో చాలావాటికి ఉంటాయి. పేరు లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు.

కాగితాలను లామినేషన్ చేయించకండి, తర్వాత విడదీయడం కుదరదు. సెలోటేపు పసుపెక్కి సిరాను లాగేస్తుంది. ఫొటోను 600 డీపీఐలో ముందూ వెనుకా స్కాన్ చేయండి. పుస్తకమైతే ఖాళీ పేజీలు, అట్టలు కూడా వదలకుండా చేయాలి, ముద్రలు అక్కడే ఉంటాయి. ఫొటోలో ఎవరు ఎక్కడున్నారో పెద్దవాళ్లు ఉండగానే అడిగి వేరే కాగితంమీద రాయండి. ఫొటో వెనుకే రాయవలసి వస్తే 2బీ పెన్సిల్‌తో, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ గీత ముందువైపు ముఖాలమీద తేలుతుంది.

ప్రశ్న: యుద్ధం నిజంగా మన తీరందాకా వచ్చిందా? బడి ప్రాజెక్టుకు కావాలి. (విశాఖపట్నం)

వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యుజో నుంచి లేచిన విమానాలు విశాఖ రేవుమీద, కాకినాడమీద బాంబులు వేశాయి. విశాఖ రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా కాలేదు. అదే వారంలో ఆ నౌకాబృందం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య ఓడలను ముంచింది. పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో చూడవచ్చు.

తక్కువమందికి తెలిసినది 1944 ఫిబ్రవరి 11. విశాఖకు దగ్గర్లో ఆర్ఓ–110 అనే జపాన్ జలాంతర్గామి కాపలాతో కలిసి వెళ్తున్న ఓడల గుంపు (కాన్వాయ్)లోని ‘ఆస్ఫాలియన్’ అనే ఓడను టార్పెడోతో కొట్టింది. కాపలాగా ఉన్న భారత నౌక హెచ్.ఎం.ఐ.ఎస్. జమున, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి ఆ జలాంతర్గామిని డెప్త్ ఛార్జీలతో (నీటిలోపల పేలే బాంబులతో) అక్కడే ముంచేశాయి. ఆస్ఫాలియన్ మునగలేదు, దాన్ని విశాఖ రేవుకు చేర్చారు. యుద్ధం మొదలైన 1939లోనే ఇక్కడ నౌకాదళ స్థావరం పెట్టి హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్ అన్నారు. ఉత్తర సర్కారుల పేరే అది. నేటి ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ దాని కొనసాగింపే.

ప్రాజెక్టులో ఒక పటం గీయండి. విశాఖ, కాకినాడ, ఆస్ఫాలియన్‌ను కొట్టిన చోటు, ఈ మూడూ ఒకే పటంలో కనిపిస్తే యుద్ధం ఎంత దగ్గరగా జరిగిందో ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రశ్న: మా పెదనాన్న 1971 యుద్ధంలో నౌకాదళంలో ఉన్నారు, ఇప్పుడు లేరు. ఆయన ఏ ఓడలో పనిచేశారో తెలుసుకోవడం ఎలా? (కళింగపట్నం)

నావికుల సర్వీసు రికార్డులు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని చీతా క్యాంప్‌లో, బ్యూరో ఆఫ్ సైలర్స్ దగ్గర ఉంటాయి. అధికారుల రికార్డులు వేరు, అవి ఢిల్లీ నౌకాదళ ప్రధాన కార్యాలయం చూసుకుంటుంది. ఉత్తరం రాసేముందు ఆయన సర్వీసు నంబరు పట్టుకోండి. అది పెన్షన్ ఉత్తర్వు మీద, డిశ్చార్జి సర్టిఫికెట్ మీద, పతకాల అంచుమీద ఉంటుంది. స్వతంత్ర భారతం ఇచ్చిన పతకాల అంచున నంబరు, హోదా, పేరు చెక్కుతారు. నంబరు లేకుండా పేరుతోనే రాస్తే జవాబు రావడం కష్టం. రావులు, రాజులు, అప్పారావులు ఎంతమందో ఆలోచించండి.

పెద్దమ్మగారు ఉంటే దరఖాస్తు ఆవిడ పేరునే పెట్టండి. దగ్గరి బంధువు అడిగితే పని సులువవుతుంది. మరణ ధ్రువపత్రం, బంధుత్వం చూపే కాగితం జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మేలు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో కూడా అడగవచ్చు. అయితే ‘పూర్తి వివరాలు ఇవ్వండి’ అని రాయవద్దు. ‘1971 నవంబరు నుంచి 1972 జనవరి వరకు పనిచేసిన నౌక లేదా స్థావరం పేరు’ అని ఒక్కటే అడగండి. విశాలమైన ప్రశ్న తిరస్కరించడానికి దారి ఇస్తుంది.

ఈలోగా పతకాలు చూడండి. పూర్వీ స్టార్ అయితే తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ అయితే పడమర. సంగ్రామ్ మెడల్ ఇంకా విస్తృతంగా ఇచ్చారు, దానితో ఓడ తేలదు.

అదే యుద్ధంలో మరణించినవారి విషయమైతే ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం గోడలమీద పేర్లున్నాయి, వాటిని ఆన్‌లైన్‌లోనూ వెతకవచ్చు. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకం స్వాతంత్ర్యం తర్వాతి వారిది, రెండో ప్రపంచ యుద్ధంవాళ్లను అక్కడ వెతకవద్దు. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర మునిగిన ఐ.ఎన్.ఎస్. ఖుక్రీతో 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలలేదు. వారి స్మారకం డయ్యూలో ఉంది.

ప్రశ్న: తాతగారిని 1946లో నేవీ నుంచి తీసేశారట. ఆయన్నూ యుద్ధ నావికుల్లో లెక్కించవచ్చా? (నర్సాపురం)

తప్పకుండా. 1946 ఫిబ్రవరి 18న బొంబాయి తల్వార్ స్థావరంలో మొదలైన నావికుల తిరుగుబాటు విశాఖ సహా చాలా రేవులకు పాకింది. పాల్గొన్నవాళ్లలో ఎందరినో సర్వీసు నుంచి తొలగించారు. ఆ తొలగింపు వల్ల యుద్ధకాలపు సేవ రద్దు కాదు. కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ పథకంలో ఈ తిరుగుబాటును కూడా గుర్తించింది. అందుకని రెండు చోట్ల వెతకండి: నౌకాదళ కాగితాల్లో, సమరయోధుల పెన్షన్ ఫైళ్లలో. రెండో చోట చాలాసార్లు ఎక్కువ దొరుకుతుంది, ఎందుకంటే దరఖాస్తులో మనిషి తన సర్వీసు సంగతి తానే రాసుకుంటాడు.

ప్రశ్న: మా ఊరి నుంచి యుద్ధాలకు వెళ్లిన 23 మంది పేర్లు పోగుచేశాం. బీచ్‌లో విగ్రహం, కింద పేర్ల ఫలకం పెట్టాలని కమిటీ అనుకుంటోంది. ఎలా చేస్తే నిలుస్తుంది? (ఉప్పాడ)

మొదట చోటు. మీ తీరం ఏటా కోతకు గురవుతున్న సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇసుకలో పెట్టిన స్మారకం పదేళ్లు నిలుస్తుందన్న నమ్మకం లేదు. పైగా పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి, కట్టడానికి ముందే అనుమతి కావాలి. రోడ్లు, ప్రజాస్థలాల్లో విగ్రహాలు పెట్టడానికి అనుమతులివ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది. కాబట్టి విగ్రహం ఆలోచన వదిలేయండి. బడి, గ్రంథాలయం, పంచాయతీ కార్యాలయం గోడకు ఫలకం పెట్టండి. పంచాయతీ తీర్మానం, స్థలం యజమాని లిఖితపూర్వక ఒప్పుకోలు చాలు. రోజూ పిల్లలు ఆ పేర్ల ముందు నుంచి నడుస్తారు.

రాయి నల్ల గ్రానైట్ మేలు. తెల్ల చలువరాయి ఉప్పుగాలికి నునుపు పోయి పొడి రాలుతుంది. ఇత్తడి పలకను ఆరు నెలలకోసారి తోమాలి, తోమిన కొద్దీ అక్షరాలు పోతాయి, దొంగల భయం సరేసరి. స్టీలే కావాలంటే 316 రకం అడగండి. మామూలు 304 రకం సముద్రం దగ్గర తుప్పు చుక్కలు పడుతుంది. గ్రానైట్ మందం 40 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి.

బిగించడంలోనే చాలా ఫలకాలు పాడవుతాయి. మేస్త్రీలు ఇనుప కమ్మీలు వాడతారు. ఇనుము తుప్పు పట్టితే ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి రాయి మూలలు పగులుతాయి. 12 మిల్లీమీటర్ల 316 స్టీలు కడ్డీలు గోడలోకి 75 మిల్లీమీటర్లు దింపి, ఎపాక్సీతో బిగించమనండి. సిమెంటు ముద్దలు నాలుగుచోట్ల వేసి రాయి అతికించే పద్ధతి వద్దు. మధ్యలో ఖాళీలుండి నీరు నిలుస్తుంది, తెల్లటి ఉప్పు మరకలు బయటికొస్తాయి. సముద్రపు ఇసుకతో కలిపిన సిమెంటైతే మరీను. పై అంచు వెనక్కి కాస్త వాలుగా ఉంటే వాననీరు అక్షరాలమీదుగా జారదు.

ఇక అక్షరాలు. ఇక్కడ తొందరపడకండని చేతులు పట్టుకుని అడుగుతున్నాం. తెలుగు అక్షరాన్ని రాతిమీద చెక్కడంలో చిక్కు ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర వస్తుంది. 25 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరం రెండు మూడు మీటర్ల నుంచి హాయిగా చదవగలం. అంతకు తగ్గితే ఒత్తుల మధ్య రాయి సన్నబడి చెక్కేటప్పుడే ఊడిపోతుంది. వరుసల మధ్య దాదాపు అక్షరమంత ఖాళీ ఉండాలి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. లోతు కనీసం 3 మిల్లీమీటర్లు. బంగారు రంగు పూయించకండి. ఎండకు రెండు మూడేళ్లలో రాలి, సగం రంగు ఉన్న పేరు, లేని పేరు పక్కపక్కన ఉంటాయి.

చెక్కేవాళ్ల కంప్యూటర్లో అను ఫాంట్లుంటాయి. మీరు ఫోన్‌లో టైపు చేసి పంపిన యూనికోడ్ అక్షరాలు అందులోకి మారేటప్పుడు ఒత్తులు జారిపోతాయి. మ–య, ద–ధ, ప–ఫ తారుమారైనా ఎవరూ గమనించరు. అందుకని అసలు సైజులో కాగితంమీద ప్రింటు తీయించి, ప్రతి పేరును ఆ ఇంటివాళ్లతో చదివించి, పక్కన సంతకం పెట్టించుకోండి. 23 ఇళ్లు తిరగడం రెండు రోజుల పని. తప్పు పడిన రాయిని తిరిగి చెక్కించడం ఖర్చు ఒక్కటే కాదు, మన మనిషి పేరును రెండోసారి పోగొట్టుకోవడం. రికార్డుల్లో ఇంగ్లిష్ స్పెల్లింగు వేరుగా ఉంటే రాయిమీద ఇంటివాళ్లు పిలిచే పేరే ఉంచండి. రికార్డు రూపం, ఓడ పేరు, తేదీ, ఆధారం పంచాయతీలో ఒక పుస్తకంలో రాసిపెట్టండి.

పేర్లను అకారాదిగా పెట్టండి. హోదా, కులం, చందా ఏదీ వరుసను నిర్ణయించకూడదు. కమిటీ సభ్యుల పేర్లు, ప్రారంభించినవారి పేరు నావికుల పేర్లకంటే పెద్ద అక్షరాల్లో వేసిన ఫలకాలు చూస్తుంటాం, అది చాలా బాధాకరం. వాళ్ల పేర్లు వేయాలంటే వేరే చిన్న పలకమీద వేయండి. కింద నాలుగు వరుసల ఖాళీ వదలండి. ఫలకం పెట్టిన ఆరు నెలల్లో ఇంకో ఇద్దరి సంగతి ఎవరో ఒకరు తెస్తారు. మూడు సింహాల జాతీయ చిహ్నం చెక్కించకండి. అనుమతి లేకుండా వాడటం 2005 చట్టం కింద నేరం. నౌకాదళ చిహ్నానికీ వాళ్ల అనుమతి తీసుకోవాలి. లంగరు బొమ్మ ఒకటి చాలు.

ప్రారంభం రోజున ఫలకంమీద జాతీయ జెండా కప్పి తీయడం చాలాచోట్ల చేస్తారు. జెండా నియమావళి దాన్ని నిషేధించింది. మామూలు గుడ్డ కప్పండి, జెండాను విడిగా గౌరవస్థానంలో ఎగరేయండి.

ప్రశ్న: ఏటా ఏ రోజున జ్ఞాపకం చేసుకోవాలి? సముద్రంలో పూలదండ వేయవచ్చా? (బారువ)

1971 వాళ్లకు డిసెంబరు 4 నేవీ దినం ఉంది. కరాచీమీద దాడి జరిగింది ఆ రాత్రే, పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ దగ్గర మునిగిందీ ఆ వేళకే. వాణిజ్య నావికులకు ఏప్రిల్ 5 జాతీయ సముద్రయాన దినం సరిపోతుంది. 1919లో ‘లాయల్టీ’ అనే భారతీయ ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరిన రోజది. రెండు ప్రపంచ యుద్ధాలవాళ్లకు నవంబరు 11 తగినది. మొదటి యుద్ధం ఆగిన తేదీ అదే. 1942లో అదే తేదీన కోకోస్ దీవుల దగ్గర చిన్న నౌక హెచ్.ఎం.ఐ.ఎస్. బెంగాల్, ‘ఒండినా’ అనే టాంకరుతో కలిసి, తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాన్ ఓడలను ఎదుర్కొంది. వాటిలో ఒకటి మునిగింది. మీ ఊరి మనిషి ఓడ మునిగిన తేదీ తెలిస్తే మాత్రం ఆ తేదీకి మించినది లేదు.

దండ విషయం. ఒడ్డున నిలబడి విసిరితే అల దాన్ని తిరిగి మీ కాళ్లదగ్గరకే తెస్తుంది, అది చూడటానికి బాగుండదు. అలలు విరిగే గీత దాటి పడవమీద వెళ్లాలి. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాల కాలం కాబట్టి ముందురోజు సాయంత్రం, ఆ ఉదయం రెండుసార్లు వాతావరణ హెచ్చరిక చూడండి. రేవులో ప్రమాద సూచిక ఎగరేసి ఉంటే కార్యక్రమం ఒడ్డునే చేయండి. పడవ రిజిస్టరైనదై ఉండాలి, ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్లుండాలి. పడవకు నలుగురైదుగురు చాలు, పిల్లలు, పెద్దవాళ్లు ఒడ్డున ఉండాలి. మెరైన్ పోలీసు స్టేషన్‌లో ముందే చెప్పండి.

దండను కొబ్బరాకు చుట్టమీద బంతిపూలు, మరువం గుచ్చి నారతో కట్టండి. తీగ, థర్మోకోల్, ప్లాస్టిక్ రిబ్బన్ ఉండకూడదు, అవి వలల్లో చిక్కుతాయి. గాలికి ఎదురుగా వేస్తే పడవమీదికే వస్తుంది. ఇంజను ఆపి, గాలి వాలున మెల్లగా నీళ్లమీద ఉంచండి, విసరకండి. అప్పుడు పేర్లు చదవండి. ఒక్కొక్క పేరు పూర్తిగా, ఇంటిపేరుతో, ఓడ పేరుతో, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఆగుతూ. ఇరవై మూడు పేర్లకు నాలుగు నిమిషాలు పడుతుంది. చదివేవాళ్లు ఒకరోజు ముందే పైకి చదివి సాధన చేయాలి, పాత ఓడల ఇంగ్లిష్ పేర్లు నోరు తిరగవు.